కప్పు అందించే చెయ్యి

గోడ మీద బొమ్మ ఉంది. కానీ అది ఆ బొమ్మ కాదు.

మౌంట్ ఆల్బర్ట్‌లో ఈశ్వరరావు గారి హాలు. ఇన్సూరెన్స్ మనిషి వచ్చి ఒక్క మాటలో తేల్చేశాడు: "కాగితం కొత్తది. ఇది కాపీ." పోయింది సామాన్యమైందా? పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పాస్టెల్. పనిపిల్ల దొరసానికి చాక్లెట్ కప్పు అందిస్తుంటుంది. రంగు సుద్దలతో వేసింది, గట్టిగా ఊదితే రాలిపోతుంది.

డిటెక్టివ్ నిరుపమ రావడం ఇది మూడోసారి. తాళం పగల్లేదు. కెమెరాలో ఏమీ లేదు. ఆవిడకి చిర్రెత్తుకొస్తోంది.

"ఇంకా ఏం చూస్తారండీ?" ఈశ్వరరావు గొంతు పెంచాడు. "వెనక గదిలో అద్దెకుండే ప్రణీతే! ఆర్ట్ స్టూడెంట్. గదినిండా సుద్దలే. అరెస్ట్ చెయ్యండి."

ప్రణీత గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేను ముట్టలే అంకుల్. కేస్ అయితే నా వీసా పోతది."

సోఫాలో ఫ్రేముల షాపు రోహన్. బొమ్మ ఫ్రేము గ్లాసు బీటలిస్తే, నెల ఆగమని చెప్పి తర్వాత మార్చింది అతనే.

"మీ దగ్గర ఎన్నాళ్ళుంది?" నిరుపమ అతన్ని అడిగింది.

"ఒక్క రోజు. పొద్దున పట్టుకెళ్ళా, సాయంత్రం తెచ్చిచ్చా. ఒక్క పూటలో ఇలాంటి కాపీ ఎవరు వెయ్యగలరు మేడమ్?"

నిజమే. కథ మళ్ళీ మొదటికొచ్చింది.

అంతలో ఈశ్వరరావు తల్లి సుభద్ర కాఫీలు తెచ్చింది. మచిలీపట్నం మనిషి, నోరు ఊరుకోదు.

"దీనికింత రభసా! బొమ్మలో ఆ పనిపిల్లని రోజూ తిట్టేదాన్నమ్మా. ఎడమ చేత్తో ఇస్తారుటే ఎవరైనా? ఇప్పుడు బుద్ధిగా కుడి చేత్తో ఇస్తోంది. తిట్టడం మానేశా."

నిరుపమ చేతిలోని కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

"ఎప్పుడు మానేశారు బామ్మగారూ?"

"గ్లాసు మారి వచ్చిన సాయంత్రమే. పోన్లే, నా పోరు పడలేక అబ్బాయి మార్పించాడనుకున్నా."

"అమ్మా! బొమ్మలో చెయ్యి మార్పిస్తారా ఎక్కడైనా? నాకు చెప్పొద్దూ?"

"నీ కళ్ళెదురుగానే ఉందిగా. నువ్వు చూశావా?"

ఆయన తల పట్టుకున్నాడు.

నిరుపమ ఫోన్ తిప్పి చూపించింది. "మీ బొమ్మకి మూలమైన ఆయిల్ పెయింటింగ్ ఇది. కుడి చెయ్యి. దీన్ని రాగి రేకు మీద చెక్కి అచ్చేశారు. అచ్చులో కుడి ఎడమై బొమ్మ తిరగబడుతుంది, మన అద్దకం చెక్కలాగే. ఆ అచ్చు చూసి వేసిందే మీ పాస్టెల్. అందుకే ఎడమ చెయ్యి."

రోహన్ సోఫా అంచుకి జరిగాడు.

"ప్రణీత కాపీ చేస్తే రోజూ ఎదురుగా కనిపించే ఎడమ చెయ్యే వేసేది. గ్లాసు సంగతి ఫోన్‌లో చెప్పినప్పుడు ఈశ్వరరావు గారు బొమ్మ పేరూ చెప్పారట. మీరు నెల ఆగమన్నారు. ఆ నెలంతా ఇంటర్నెట్‌లో ఈ పెయింటింగ్ చూసే కదా కాపీ వేశారు, రోహన్?"



"అసలుది తీసుకెళ్ళాక చూశా... తిరగేసి ఉంది," అన్నాడు రోహన్ నేలచూపులు చూస్తూ. "గోడ మీది బొమ్మని ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నా. అసలుది షాపు బీరువాలోనే ఉంది."

ఈశ్వరరావు ప్రణీత వైపు తిరిగాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

సుభద్రే కదిలింది. "నువ్వు తాగలేదు కదే తల్లీ," అంటూ కప్పు అందించింది.

ప్రణీత కుడి చెయ్యి కళ్ళు తుడుచుకుంటోంది. ఎడమ చేత్తోనే అందుకుంది.

సుభద్ర చూసింది. ఏమీ అనలేదు.