లాగ్‌లో లేని సోమవారం

సోమవారం మధ్యాహ్నానికి పెద్ద సర్జన్‌గారి చేతివణుకు రిపోర్టు ఆసుపత్రిలో అందరి ఫోన్లకూ చేరింది. సాయంత్రానికి ఆయన ఆపరేషన్లన్నీ రద్దయ్యాయి.

బుధవారం దొంగ దొరికింది. రిసెప్షనిస్టు.

పట్టించింది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టిన ఆడిట్ రూల్. పర్మిషన్ లేని ఫైలు ఎవరైనా తెరవబోతే సర్వర్ వాళ్ల పేరూ టైమూ లాగ్‌లో రాసిపెడుతుంది. ఆ రూల్ గురించి అతను మీటింగుల్లో తెగ గొప్పలు పోయేవాడు. అందులో మంగళవారం ఉదయం తొమ్మిదింటికి సర్జన్‌గారి ఫోల్డర్ దగ్గర ఆమె పేరు మూడుసార్లు పడింది. ముందురోజు దొరికింది చాలక మళ్లీ వచ్చిందని డైరెక్టర్ తేల్చేశాడు.

ఆమె అడ్మినిస్ట్రేటర్‌కు స్వయానా మరదలు, భార్యకు చెల్లెలు. ఉద్యోగం ఇప్పించిందీ అతనే. ఆఫీసులో సార్ అనమని ఎంత మొత్తుకున్నా ఆమె నోట బావా అనే వచ్చేది. ఆమెను సస్పెండ్ చేస్తుంటే ఆ బావ కుక్కిన పేనులా కూర్చున్నాడు.

గురువారం సైబర్ క్రైమ్ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. డైరెక్టర్ గదిలో బావామరదళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ముందు మరదలిని అడిగింది.

"ఆ ఫోల్డర్ ఎందుకు తెరవబోయావు?"

"ఇంకా తెరుచుకుంటోందేమో చూశాను మేడమ్."

"ఇంకా అంటే?"

ఆమె బావ వైపు చూసి తల దించుకుంది.

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగింది.

"ఫైళ్లు వెతికిపెట్టే మీ సెర్చ్ ప్రోగ్రామ్ ఎప్పుడు తిరుగుతుంది?"

"రోజూ తెల్లవారుజామున రెండింటికి. అన్ని ఫోల్డర్లూ తెరిచి చూసి, వెతికితే దొరికేలా జాబితా రాసుకుంటుందండీ."

"సర్జన్‌గారి ఫోల్డర్ తెరిచే పర్మిషన్ దానికి ఉందా?"

"లేదండీ."

"అయితే రోజూ అక్కడ దానికి చుక్కెదురవ్వాలి. రోజూ లాగ్‌లో పడాలి."

ఇన్‌స్పెక్టర్ ల్యాప్‌టాప్ అతని వైపు తిప్పింది. మంగళవారం రెండింటికి ఫెయిల్. బుధవారం ఫెయిల్. ఇవాళా ఫెయిల్. సోమవారం, అంతకుముందు నెలంతా ఒక్కటీ లేదు.

"మీ రూల్ ఫెయిలైనవే రాస్తుంది. తలుపు తీసి ఉంటే ఎవరు ఫెయిలవుతారు? ఫొటో తీసి పంపిన అకౌంట్స్ గుమాస్తా పొద్దున ఒప్పుకున్నాడు. ఏదో బిల్లు వెతుకుతుంటే ఆ రిపోర్టు వచ్చిందట."

అడ్మినిస్ట్రేటర్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోతుండగా అంతా చెప్పాడు. కిందటి నెల సర్వర్ మార్చినప్పుడు రిపోర్టుల పర్మిషన్లు అందరికీ తెరిచి, మూయడం మరిచాడు. సెర్చ్‌లో అందరి రిపోర్టులూ వస్తున్నాయని మరదలు ఇంట్లో ముందే చెప్పింది. నీ రిసెప్షన్ నువ్వు చూసుకో అని నవ్వేశాడు. గొడవయ్యాక సోమవారం సాయంత్రం గుట్టుగా మూసేశాడు. బావ మూశాడా లేదా అని మర్నాడు ఆమె చూసింది. అంతే.

"మరి ఈ సంగతి నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"ఆయనే చెబుతాడనుకున్నాను మేడమ్."

డైరెక్టర్ క్షమాపణ చెప్పి, రేపటి నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఆమె బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. అడ్మినిస్ట్రేటర్ వెనకాలే మెట్ల దాకా వెళ్లాడు. అక్క ఎదురుచూస్తోంది, ఇద్దరం కలిసి ఇంటికి వెళ్దామన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

"నేను బస్సులో వెళ్తాను సార్," అంది.