వార్డెన్ గారి అమ్మాయి

తెల్లవారుతూనే వార్డెన్ తాళాల గుత్తి పట్టుకుని మెట్లెక్కింది. మోకాళ్ళు మెట్టు మెట్టుకీ మొరాయిస్తున్నాయి. బడి చదువు ముగిసి యూనివర్సిటీ మొదలయ్యేలోపు ఉండే రెండేళ్ళ చదువు కోసం ఏయే దేశాల నుంచో వచ్చిన ఆడపిల్లలు ఆ హాస్టల్లో ఉంటారు. ప్రతి తలుపు మీదా రెండు దెబ్బలు వేయడం, లోపలి నుంచి ఓ మూలుగు వినిపించాక పక్క తలుపుకి వెళ్ళడం ఆవిడ పద్ధతి. వరండా చివరి గది ఆవిడ కూతురిది. అక్కడా రెండే దెబ్బలు. మూలుగు వినగానే వెనుదిరిగింది.

ఆ కట్టుబాటు ఆవిడ తనకు తాను విధించుకున్నదే. సిబ్బంది పిల్లల కోటాలో కూతురికి సీటు వచ్చినప్పుడు, వార్డెన్ గారి అమ్మాయికి అన్నీ ముందే అందుతాయని ఎవరూ వేలెత్తి చూపకూడదనుకుంది. అందుకే కూతుర్ని పై అంతస్తులో అందరితో పాటే ఉంచింది. కింద క్వార్టర్స్‌కి సెలవుల్లోనే రమ్మంది. హాస్టల్లో అమ్మా అని పిలవొద్దంది. న్యాయమంటే అందరినీ ఒకేలా చూడటమని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం బరువుగా ఉండేది. బరువుగా ఉంది కాబట్టే అది సరైనదనుకునేది.

కిందికి దిగేసరికి భర్త తన కళ్ళజోళ్ళ దుకాణానికి బయల్దేరుతూ కాఫీ అందించాడు. పిట్ట సంగతి విన్నావా అని అడిగాడు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని కూతురికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరది. పిల్లల దరఖాస్తులు చూసే కౌన్సెలర్ నిన్న కళ్ళజోడు బిగించుకోవడానికి వచ్చి చెప్పాడట. పిట్ట ఆర్కిటెక్చర్‌కి ఈ ఊరి యూనివర్సిటీని వదిలేసి, విమానమెక్కితే గాని చేరలేని ఊళ్ళే రాసిందట. ఈ సాయంత్రంతో దరఖాస్తులు వెళ్ళిపోతాయి.

"ఎందుకలా రాసిందో మెట్లెక్కి దాన్నే అడుగు," అన్నాడాయన.

"వార్డెన్ అడగకూడదండీ. అది కౌన్సెలర్ పని."

"వార్డెన్ అడగొద్దులే. ఈ ఇంట్లో ఇంకెవరూ లేరా?" ఆయన చెప్పులు తొడుక్కుని గుమ్మంలోనే ఆగాడు. "మన దగ్గరుండలేకే పోతోందేమోనే. అదొక్కటీ తేల్చు. నాకు అడిగే ధైర్యం లేదు."

ఆవిడకూ లేదు. కాకపోతే, ఆవిడకు కట్టుబాటనే సాకుంది.

మధ్యాహ్నం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. యూనివర్సిటీవాళ్ళ ముందు పిల్లలు తడబడకుండా చేయించే సాధన అది. అడిగేవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళలా కూర్చోవాలి. ఏ పిల్లనైనా 'మీరు' అనే పిలవాలి. ఓదార్చకూడదు. పిల్ల గొంతు వణికితే మంచినీళ్ళ గ్లాసు జరిపి తరువాతి ప్రశ్నకు వెళ్ళాలి. లెక్కల మాస్టారికి జ్వరం రావడంతో ఆయన వంతు పిల్లల్ని కౌన్సెలర్ వార్డెన్‌కి అంటగట్టాడు. వాళ్ళలో పిట్ట ఆఖరిది.

మనసు బాగాలేనప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తారని వచ్చిన ప్రతి పిల్లనూ ఆవిడ అడిగింది. ఒకమ్మాయి ఫోన్లో అమ్మతో మాట్లాడతానంది. తక్కినవాళ్ళు నవ్వి, మీ దగ్గరికే కదా మేడమ్, అన్నారు. నిజమే. జ్వరమొస్తే నుదురు తడిమింది. ఇంటి మీద బెంగపెట్టుకున్నవాళ్ళను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆ ఒడికి రానిది పిట్ట ఒక్కతే.

పిట్ట వచ్చి కుర్చీలో నిటారుగా కూర్చుంది. కట్టడాల గురించి అడిగితే తొణకకుండా చెప్పింది. ఇల్లు గీసేటప్పుడు ముందు గుమ్మమే గీస్తానంది. దాన్ని ఎవరు తెరుస్తారో తెలిస్తే గాని మిగతా గదులు తోచవంది. ఎవరో తెలివైన పరాయి పిల్ల మాట్లాడుతున్నట్టు వార్డెన్ వింటూ ఉండిపోయింది.

"అన్నీ ఇంత దూరపు యూనివర్సిటీలే ఎందుకు ఎంచుకున్నారు?"

ఎవరినైనా అడిగే ప్రశ్నే. గొంతే ఎవరినైనా అడిగినట్టు లేదు.

"అక్కడ బాగా నేర్పుతారు, మేడమ్."

"ఇక్కడా నేర్పుతారు. ఇక్కడ మీకు ఎవరితోనైనా ఇబ్బందా?"

పిట్ట బల్ల అంచుని గోటితో గీకింది. వార్డెన్ అలవాటు చొప్పున నీళ్ళ గ్లాసు జరిపింది. అది చూసి పిట్ట నీరసంగా నవ్వింది.

"నీళ్ళొద్దు మేడమ్, చెప్తాను. సెలవులొస్తే మా అంతస్తంతా పెట్టెలు సర్దుకుంటుంది. వాళ్ళ కోసం ఎక్కడో ఎయిర్‌పోర్టులో వాళ్ళమ్మలు నిలబడి ఉంటారు. మా అమ్మేమో ఇక్కడ గేటు దగ్గర నిలబడి వాళ్ళని సాగనంపుతుంది. అందరూ వెళ్ళాక నేను మెట్లు దిగి ఇంటికొస్తాను. అప్పటికి మా అమ్మ అలసిపోయి పడుకుని ఉంటుంది. లేపబుద్ధి కాదు."

వార్డెన్ ప్రశ్నల కాగితం పక్కన పెట్టేసింది.

"పారిపోతున్నానని అనుకుంటున్నారేమో. అది కాదు. దూరం వెళ్తే తిరిగి రావచ్చు కదా. నేనొస్తున్నానంటే మా అమ్మ గేటు దగ్గరికొస్తుంది. నా కోసం."

అందరికీ సమానంగా పంచానని ఆవిడ అనుకుంది. పంచగా మిగిలింది ఈ పిల్లకిచ్చింది. చివరికి మిగిలేది అలసటే.

తలుపు మీద ఎవరో కొట్టారు. గది తాళంచెవి పోయింది మేడమ్ అని ఒకమ్మాయి గొంతు. అలాంటి పిలుపుకి ఆవిడ ఎప్పుడూ వెంటనే లేచి వెళ్ళేది. ఇప్పుడు కూర్చునే జవాబిచ్చింది.

"కాసేపాగమ్మా. మా అమ్మాయితో మాట్లాడుతున్నాను."

ఆ భవనంలో ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. పిట్ట తల వంచుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి. వార్డెన్ కుర్చీని బల్ల చుట్టూ ఈడ్చుకుంటూ వచ్చి కూతురి పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇంటర్వ్యూ ఇంకా అవలేదు, మేడమ్," అంది పిట్ట ముక్కు ఎగబీలుస్తూ.

"మేడమ్ లేదులే. అలసిపోయి వెళ్ళిపోయింది." ఆవిడ కూతురి తలను ఒళ్ళోకి లాక్కుంది. తీరుగా దువ్విన ఆ జుట్టు చెదిరిపోయింది.

దరఖాస్తు రాసింది రాసినట్టే వెళ్ళింది. మార్చమని ఆవిడ అడగలేదు. పంపిన సంగతి చెప్పడానికి పిట్ట దుకాణానికి వెళ్ళింది. దుకాణం మూసి తండ్రీకూతుళ్ళు వచ్చేసరికి గేటు దగ్గర ఒక మనిషి నిలబడి ఉంది. చేతిలో తాళాల గుత్తి లేదు. గుత్తి అసిస్టెంటుకి అప్పగించి వచ్చింది.

"ఎవరి కోసం నిలబడ్డావమ్మా?" తెలిసే అడిగింది పిట్ట.

"ఇంకెవరి కోసమే? ఎంతసేపటికీ రారు, కాళ్ళు లాగేస్తున్నాయి," అంటూ ఆవిడ కూతురి భుజం మీద బరువంతా వేసి లోపలికి నడిచింది.