చిల్లుగొడుగుల గొంతు

వానకు తడిసి షాపులోకి దూరిన అమ్మాయి, లోపల మోగుతున్న పాట విని గుమ్మంలోనే నిలబడిపోయింది. ముఖం వెలిగిపోయింది.

"ఈ రికార్డు ఎలా ఉందండీ?" అంది.

పాత టేపు రికార్డర్లు బాగుచేసే మెకానిక్ తలెత్తాడు. చెయ్యి చురుకే గానీ, ఎక్కడ ఏం మాట్లాడాలో నోటికి తెలియని మనిషి.

"గొంతు అమృతమండీ. తయారుచేసినవాళ్ళెవరో గానీ స్పీడు తప్పు పెట్టారు."

"తయారుచేసింది నేనే."

ఆ తర్వాత షాపులో కురిసినంత వాన బయట కూడా కురవలేదు.

కోపంలోనే సంగతంతా చెప్పింది. ముప్పై ఏళ్ళ కిందట 'చిల్లుగొడుగులు' అని ఒక బ్యాండ్ ఉండేదట. పల్లె పాటలకు పంక్ గిటార్లు తగిలించి, రేకు డబ్బాలు బాదుతూ గోడౌన్లలో పాడేవాళ్ళట. వినడానికి నలభై మంది వస్తే, అందులో ముప్పై మంది వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళేనట. వాళ్ళ టేపులు ఒక అటకమీద దొరికితే, ఆర్నెల్లు దుమ్ము తిని ఈ సంకలనం తెచ్చింది. తన పేరుతో వచ్చిన మొదటి పని. రికార్డుతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో 'పాడినది ఎవరో తెలియని ఒక మహిళ' అని తనే రాసింది.

"పంక్ అంటేనే వేగం. మీకు స్క్రూలు తప్ప ఏం తెలుసు?" అనేసి వెళ్ళిపోయింది.

మర్నాడు కాగితాలతో వచ్చింది, తను పెట్టిన స్పీడు సరైనదేనని రుజువు చేయడానికి. మెకానిక్ ఒప్పుకోలేదు. పైగా, ఆ గొంతంటే తనకు ప్రాణమనీ, నిద్ర కూడా పట్టడం లేదనీ చెప్పాడు. ఆమె ముఖం ఎందుకో చిన్నబోయింది. అది చూసి తనకెందుకు బాధేసిందో మెకానిక్‌కి అంతుపట్టలేదు. వెనక బల్ల దగ్గర వైర్లు అతికిస్తున్న అతని బాబాయి మీసాల్లో నవ్వుకున్నాడు. షాపు ఆయనదే. మాట తక్కువ మనిషి.

మూడో రోజు ఆమె అసలు టేపే పట్టుకొచ్చింది. రికార్డు రేపు రెండో ముద్రణకు వెళ్తోందట. తప్పుంటే ఇప్పుడే తేలాలి.

మెకానిక్ టేపు ఎక్కించాడు. పాట వినవద్దు, పాట మొదలయ్యే ముందున్న నిశ్శబ్దం వినమన్నాడు. సన్నగా ఒక గుయ్ మనే మోత. పక్కనున్న పాత యాంప్లిఫయర్ ఆన్ చేశాడు. దానిదీ గుయ్ మనే మోతే, కానీ బొంగురుగా.

"అది కరెంటు మోత. ఊరంతా ఒకే శ్రుతిలో ఉంటుంది, ముప్పై ఏళ్ళ కిందటా అంతే. టేపులోది సన్నగా ఉందంటే, టేపు పరిగెడుతున్నట్టు."

నాబ్ తిప్పుతూ వేగం తగ్గించాడు. రెండు మోతలూ దగ్గరై, దగ్గరై, ఒకటైపోయాయి. అప్పుడు పాట మొదలైంది.

మగ గొంతు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే లోపు, అదే గొంతు వెనక బల్ల దగ్గర్నుంచి కూడా వినిపించింది. బాబాయి తలెత్తకుండా, వైరు అతికిస్తూనే పాడుతున్నాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. కాసేపటికి ఫోన్ తీసి రికార్డు కంపెనీకి చేసింది. ముద్రణ ఆపమంది. తప్పు తనదేనంది. అవతల ఎవరో గట్టిగా అరుస్తుంటే కళ్ళు మూసుకుని విన్నది.

ఫోన్ పెట్టేశాక బాబాయి అన్నాడు, "తప్పు నీది కాదమ్మాయ్. అప్పట్లో మా రికార్డర్‌కి బెల్టు వేసింది నేను. వదులుగా వేశాను. అది మెల్లగా తిరిగింది, సరైన వేగంతో తిరిగే మీ మెషీన్‌లో మేం పరిగెత్తాం. మీ వాళ్ళకి నేనే వచ్చి చెప్తాను."

ఆమె ఊపిరి పీల్చుకుంది. మెకానిక్ వైపు తిరిగింది. "పాపం, మీరు ప్రేమించిన గొంతు మీ బాబాయిది."

మెకానిక్ ఒక చేత్తో తల గోక్కున్నాడు. "అదే నాకూ అర్థం కావట్లేదండీ. ఆ పాట రోజంతా వేస్తాను. మీరు వెళ్ళిపోయాక మాత్రం వినబుద్ధి కాదు." ఆగాడు. "అయితే అది గొంతు కాదన్నమాట."

ఆమె వాన వైపు చూసింది, టేపు వైపు చూసింది, చివరికి బాబాయి దగ్గరకెళ్ళి, "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు బాబాయిగారూ?" అంది.

"చెప్పుంటే రెండో రోజు వచ్చేదానివా?" అన్నాడాయన. "ఇంకోమాట. బాబాయిని వాడికి. నీకు మామయ్యని."

ఆమె వైరు ముక్కలు ఏరి బల్లమీద వరసగా పెట్టింది.

"అయితే మామయ్యగారూ, కొత్త పుస్తకంలో మీ పేరు ఎలా వెయ్యమంటారు?"

ఆ పిలుపు మెకానిక్ బుర్రకెక్కడానికి ఒక చరణం పట్టింది. ఎక్కిన మరుక్షణం టేపులో బాబాయి గొంతు మళ్ళీ ఆడగొంతై పరుగందుకుంది. వాడి చెయ్యి ఇంకా నాబ్ మీదే ఉంది మరి.