వాల్టరు దొర ముఖం

పలాసలో తెల్లారిందంటే జీడి బట్టీల వాసన ముందొస్తుంది, ఎండ తర్వాతొస్తుంది. ఆ వాసనలోనే సుహాసిని తల్లిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కంట్లో చుక్కలు వేస్తోంది. తల్లి మగ్దలీనమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. బారువలో ఒక్కతీ ఉండే మనిషిని, కన్ను నయమయ్యేదాకా ఉండమని కూతురు తనింటికి తెచ్చుకుంది.

"ఎలాగుందమ్మా? కనిపిత్తందా?"

"శుబ్బరంగా కనిపిత్తంది గుంటా. గోడ మీద బల్లి కాళ్లు కనిపిత్తన్నాయి. నీ నెత్తి మీద తెల్లెంటికలూ కనిపిత్తన్నాయి."

"అవొక్కటీ కనబడకపోతే బాగుణ్ణు," అంది సుహాసిని నవ్వుతూ.

గుమ్మంలో టీ తాగుతున్న ఆమె భర్త జెకర్యా కూడా నవ్వాడు. చాలా ఏళ్లు ఓడల్లో పనిచేసి వచ్చి, ఇప్పుడు జీడిపప్పు కొట్టు నడుపుతున్నాడు. ఓడల వాళ్లందరూ సెంట్లూ చాక్లెట్లూ తెచ్చుకుంటే, ఈ మహానుభావుడు అమెరికా రేవుల్నుంచి బేస్‌బాల్ కార్డులు తెచ్చుకున్నాడు. అరచేతిలో పట్టే అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో ఆటగాడి బొమ్మ. ఆ ఆట ఊళ్లో ఎవరికీ తెలీదు, ఆయనకీ అంతంతమాత్రమే. అయినా పాత కార్డంటే ప్రాణం. పెళ్లిరోజు మర్చిపోతాడు గానీ, ఏ ఆటగాడి కార్డు ఏ ఏడాదిదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

మగ్దలీనమ్మ లేచి కూర్చుని, దిండు పక్కనున్న బైబిలు తెరిచి అందులోంచి ఒక అట్ట బయటికి తీసింది. జెకర్యా టీ గ్లాసు గుమ్మం మీద పెట్టేశాడు.

వయసులో ఉండగా ఆమె మిషన్ ఆసుపత్రిలో ఆయా. కెనడా నుంచి వచ్చిన నర్సు మిస్సమ్మగారు తమ దేశం వెళ్లిపోతూ ఆ అట్ట ఆమె చేతిలో పెట్టింది. "మా అన్న వాల్టర్. బంతాట ఆడతాడు. ఇతని కోసం ప్రార్థన చెయ్యి మగ్దలీనా," అంది. అంతే, ఆ రోజునుంచీ మగ్దలీనమ్మ పొద్దున్నే వాల్టరు దొరనీ, ఆయన పిల్లల్నీ, పిల్లల పిల్లల్నీ చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతూనే ఉంది. ఆ దొర అక్కడ ఎంత పేరు మోసిన ఆటగాడో, ఆ కార్డు కోసం ఎంతమంది వెతుక్కుంటున్నారో ఆమెకి తెలీదు. జెకర్యాకి తెలుసు.

తెలిసే చేశాడు ఆ పని. ఆపరేషన్‌కి ముందు అత్తగారు మసక కళ్లతో తడుముకుంటున్నప్పుడు, కార్డు కాజేసి, కాశీబుగ్గలో కలర్ జిరాక్సు తీయించి, మందపాటి అట్టకి అంటించి బైబిల్లో పెట్టేశాడు. జిరాక్సులో ముఖం అలుక్కుపోయింది గానీ, మసక కళ్లకి ఏదైనా ఒకటేలే అనుకున్నాడు. చెమ్మకి పాడైపోయేదాన్ని కాపాడుతున్నానని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. కార్డుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఒకటే పొగడ్తలు. ఆ పొగడ్తల్లో పడి, ఆపరేషన్ అయ్యాక అత్తగారికి చూపొస్తుందన్న సంగతే మర్చిపోయాడు. చూశారా తెలివి!

"ఓలమ్మో! గుంటా, వాల్టరు దొర ముఖం కనబడ్డం నేదే!"

"బల్లి కాళ్లు కనిపించి ముఖం కనబడకపోవడమేటమ్మా?" సుహాసిని అట్ట వైపు చూడనేలేదు, కంగారుగా తల్లి కంటి వైపే చూసింది. "ఏదో పాడుసేసినారు. లెగు, ఆసుపత్రికెల్దాం. మళ్లీ కొయ్యాలంటే కొయ్యమందాం. ఏమండీ, ఆటో పిలవండి!"

"డాకటేరు బాబుని అనకే. అన్నీ కనబడి ఈయనొక్కడే కనబడ్డం నేదంటే, దేవుడే దాసీసినాడు." మగ్దలీనమ్మ అట్టని కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. "ఆపరేషన్ రోజు బయమేసింది గుంటా. నా కళ్ల గురించే ఏడుసుకున్నాను, దొరని మర్సిపోనాను. మిస్సమ్మగారికి మాటిచ్చి మర్సిపోనాను. అందుకే ఇలాగ సేసినాడు దేవుడు."

ఆమె కంట్లోంచి నీళ్లు జలజలా కారాయి. "ఏడవకూడదమ్మా, కన్ను పోతాది," అని సుహాసిని బతిమాలుతోంది.

జెకర్యా ఇంక చూడలేకపోయాడు. ఆటో పిలవకుండా గదిలోకి వెళ్లి బీరువా తీశాడు. అసలు కార్డు తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టి, తలెత్తకుండా నేల మీద కూలబడ్డాడు.

"మీ కళ్లు బాగున్నాయి అత్తమ్మా. దేవుడేం దాచలేదు, నేనే దాచాను. అది జిరాక్సు. ఇది మీది."

సుహాసినికి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక చుక్కల సీసా మంచం మీద విసిరికొట్టింది. "సిగ్గునేదా మీకు? కళ్లు కనబడని ముసల్దాని దగ్గర దొంగతనమా? నా తల్లి దగ్గర?"

"లేదు సుహా. సిగ్గుంటే చేసేవాణ్ణి కాదు," అన్నాడు.

మగ్దలీనమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. కార్డుని వెలుగుకి ఎత్తిపట్టుకుంది. "ఇదిగో, పన్ను వంకర! మిస్సమ్మగారికీ ఇదే వంకర. అయితే నా కళ్లు బాగున్నట్టే. దేవుడికి నా మీద కోపం నేదన్నమాట!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆమె తిట్టి ఉంటే జెకర్యా తట్టుకునేవాడేమో. ఆ నవ్వు చూసి చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.

"ఎందుకు బాబూ అలాగ సేసినావు? అడిగుంటే ఇచ్చీసుందును కదా."

"నిజంగానా అత్తమ్మా?"

"నిజంగానే. ఇప్పుడు మాత్రం ఇయ్యను," అంది మగ్దలీనమ్మ, కార్డు గుండెకి హత్తుకుని. "సూడాలనిపిత్తే పొద్దున్నే ప్రార్థనకొచ్చి సూసుకో. రా, కూకో. నువ్వూ కూకో గుంటా."

సుహాసిని ముఖం తిప్పుకునే కూర్చుంది. జెకర్యా మోకరించాడు. ముసలామె కళ్లు మూసుకుని, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే దేవుడితో మాట్లాడింది.

"ప్రబువా, వాల్టరు దొర పిల్లల్నీ, ఆల పిల్లల్నీ సల్లగా సూడు. మొన్న మర్సిపోనాను, సెమించు. నా కళ్లు నాకిచ్చినావు, నీకు వందనాలు. మా అల్లుడు దొరని ఎత్తుకుపోనాడు, మల్లీ తెచ్చిచ్చీసినాడు. నాకు ఆడి మీద శానా కోపంగుంది తండ్రీ. అయినా ఆడు నాకు కొడుకే. అన్నాలేళకి ఆ కోపం తీసెయ్యి."

ఆమెన్ అనాల్సిన జెకర్యా వెక్కుతూనే ఉన్నాడు. ముఖం తిప్పుకునే, అతని బదులు సుహాసిని అంది.