తూర్పు అంచు

మా కొండ కింది నుంచి చూస్తే మొనదేలినట్టుంటుంది. పైకెక్కితే మాత్రం శిఖరమంతా బండలు పరిచిన మైదానమే. పడమటి బండల మధ్య ఒక సందుంది. దిగడానికి దారి అదొక్కటే. తూర్పున అంచు దాటితే నేల లేదు. రాకీ పర్వతాల్లో మా వైపు పిల్లలకి కూడా తెలిసిన సంగతే అది.

అన్నయ్య డ్వైట్ కిందటి వేసవిలో ఆ అంచు మీంచే జారిపోయాడు. శవం దొరకలేదు. ఈ ఏడు మంచు కరగగానే ఆ చోటు చూడాలని నాన్న బయలుదేరాడు. మోకాళ్లు పట్టేస్తాయని ఎంత చెప్పినా వినలేదు. తోడుగా నేనూ ఎక్కాను.

పైన ఎండ కాస్తోంది. నాన్న అంచుకు దూరంగా కూర్చున్నాడు.

"ఇక్కడికి రమ్మని వాడు ఎన్నిసార్లు పిలిచాడో, నోరీన్. నేనొక్కసారీ రాలేదు."

"టీవీ ముందు నుంచి నిన్ను లేపడం వాడి తరమా?" అన్నాను.

నవ్వబోయి ఏడ్చేశాడు.

అంతలో లోయలోంచి మబ్బు పైకి పాకింది. చూస్తుండగానే పడమటి సందు కనబడకుండా పోయింది. తడి రాతి వాసన. బండల కింద ఈలలేస్తున్న కొండ ఉడతలు ఒక్కసారిగా ఊరుకున్నాయి. సగ్గుబియ్యం లాంటి వడగళ్లు రాలి శిఖరమంతా తెల్లబడింది. మబ్బు విడిచేదాకా కదలొద్దని నాన్న చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు దగ్గు వినిపించింది. అన్నయ్య దగ్గు.

"నాన్నా... ఇటు రా. దారి ఇటే..."

తూర్పు నుంచి.

నాన్న లేచాడు. నడుం చుట్టూ చేతులేసి వెనక్కి లాగాను.

"అటు అంచు, నాన్నా," అన్నాను లోగొంతుతో.

"తెలుసమ్మా. వాడికి చలేస్తోంది... గొంతు వణుకుతోంది, విను."

నిజంగానే వణుకుతోంది. నాకూ దుఃఖం ఆగలేదు. భయం మరిచి అరిచాను.

"అన్నయ్యా, మేం రాలేం. నువ్వే రా!"

ఆ పిలుపు ఆగిపోయింది.

తర్వాత... వడగళ్లు నలుగుతున్న చప్పుడు. మెల్లగా. దగ్గరగా. నా మెడ మీద చల్లని ఊపిరి. నాన్న కళ్లు మూసుకుని, "వచ్చావా?" అన్నాడు.

గాలి వీచి మబ్బు చెదిరింది. పైన మేమిద్దరమే. నాన్న ముఖంలో ఏడాదిగా చూడని నెమ్మది.

"పద, ఇంటికెళ్దాం. వాడూ వస్తాడు," అన్నాడు.

నేను నేల వైపు చూశాను. అంచు నుంచి మా దాకా, తెల్లని వడగళ్ల మీద ఉత్త కాళ్ల అడుగులు. ఒకరివి కావు. ఎందరివో. కొన్ని పసిపిల్లలవి.

వెనక్కి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు.