గిన్నెల సబ్బు

"మొన్న బేస్తవారం తెచ్చిన సబ్బు. అప్పుడే ఇంత అయింది. ఈ ఇంట్లో సబ్బు తింటాండారా ఎవరన్నా?"

సుంకమ్మ బొటనవేలంత మిగిలిన గిన్నెల సబ్బును తెచ్చి కోడలి ముఖం ముందు పెట్టింది. జయంతి కూతురికి జడ వేస్తోంది. దువ్వెన ఆపలేదు.

"గిన్నెలు మీరూ కడుగుతారు కదత్తా. నన్నొక్కదాన్నే అడుగుతారేం?"

"నేను పీచుకు రాసి కడుగుతా. నువ్వు నీళ్లలో నానబెడతావు."

"నానబెట్టను. సబ్బుపెట్టెకు అడుగున చిల్లులున్నాయి, చుక్క నీళ్లు నిలవవు."

"అయితే ఆ చిల్లుల్లోంచి కారిపోయిందంటావు."

గడప దగ్గర టీ తాగుతున్న ప్రతాప్ విసుక్కున్నాడు. "పొద్దున్నే సబ్బు పంచాయితీ పెట్టినారా? సాయంత్రం ఇంకోటి తెస్తా, ఇడ్సిపెట్టండి." బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ అతను. ఇంట్లో మాట పెరిగితే చాలు, చెప్పులేసుకుని బయటపడతాడు. ఆరోజూ అదే చేశాడు.

జయంతికి కోపం వచ్చింది అత్త అన్న మాటకు కాదు, ఆ మాట నిజమైనందుకు. ఆ ఇంట్లో సబ్బు ఎన్నాళ్లు రావాలో ఆమెకు తెలుసు. అన్నాళ్లు రావడం లేదు. జడకు రబ్బరు బిగిస్తుంటే తేజ మెడ కర్రలా బిగుసుకుని ఉండడం కూడా ఆమె గమనించింది.

లంచ్ బాక్సు పెడదామని స్కూలు బ్యాగు తెరిచింది. పక్క జేబులో ప్లాస్టిక్ కవరు, కవరులో సగం సబ్బు, నలిగిన స్టీలు పీచు. పీచుకు పసుపుపచ్చగా ఏదో ఎండి అంటుకుని ఉంది. పులిసిన సాంబారు వాసన గుప్పుమంది.

"ఇదేంది తేజా?"

"ట్యూషన్‌కి."

"ట్యూషన్‌లో సబ్బెందుకు?"

"బాక్సులు కడగనీకి." తేజ బ్యాగు లాక్కుంది. "అత్తోళ్ల ఇంట్లో సబ్బు అయిపోయిందంట. తెచ్చుకోమనింది."

తేజకు పదేళ్లు, ఐదో తరగతి. కథ చెబితే పొల్లు పోకుండా తిరిగి చెబుతుంది కానీ, అదే కథ పుస్తకంలో చూపిస్తే అక్షరాలు ఆమెకు తారుమారవుతాయి. స్కూల్లో మొద్దు అన్నారు. నిరుడు అనంతపురం తీసుకెళ్లి చూపిస్తే, ఇది నేర్చుకోవడంలో ఉండే ఇబ్బందే కానీ తెలివి తక్కువై కాదని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. "పిల్లల్లో కలవనివ్వండి. తనకు బాగా వచ్చిన పని నలుగురిలో చేయనివ్వండి. చిన్న చిన్న బాధ్యతలు అప్పగించండి. తనమీద తనకు నమ్మకం రావాలి" అంది. ప్రతాప్ ఆ మాటలన్నీ తన అక్క కుళ్లాయమ్మకు చెప్పి, కూతుర్ని ఆమె ట్యూషన్‌లో చేర్చాడు. పక్క వీధే. టీచర్ ట్రైనింగ్ చదివిన మనిషి, పైగా సొంత మేనత్త.

సాయంత్రం జయంతి చెప్పకుండా వెళ్లింది.

ముందు వసారాలో స్కూలు నుంచి నేరుగా వచ్చిన పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. గేటు దగ్గర ఎవరి తల్లో ఒకామె ఫోనులో మురిసిపోతోంది. "మా వాని బాక్సు తళతళలాడతా ఇంటికొస్తాది. ఇట్లాంటి ట్యూషన్ తాడిపత్రిలో యాడా లేదు."

పెరట్లో కుళాయి కింద గౌను మోకాళ్ల దాకా దోపుకుని తేజ కూర్చుని ఉంది. చుట్టూ మూతలు తీసిన పిల్లల లంచ్ బాక్సులు. ఉబ్బిన మెతుకులు, నమిలి ఉమ్మిన మునక్కాయ పిప్పి, ఎవరో కొరికి వదిలేసిన గుడ్డు. తూము దగ్గర జిడ్డు తెట్టు కట్టి, దానిమీద ఈగలు. తేజ ఈడు పిల్ల ఒకతి వచ్చి తన బాక్సును తేజ పాదాల మీదనే బోర్లించింది. "నాది ఫస్ట్ కడుగు తేజా."

తేజ తలెత్తి నవ్వింది. పిలిచినందుకు సంతోషపడుతున్న నవ్వు.

జయంతికి రోత పుట్టింది. ఆ మెతుకులకు కాదు, ఆ నవ్వుకు.

"ఏం జయంతీ, ఇట్లొచ్చినావు?" కుళ్లాయమ్మ చీపురుపుల్లతో చెవి గోక్కుంటూ వచ్చింది. "నీ కూతురు బాగా కడుగుతాదమ్మా. చదువు రాకుంటే ఏమాయ, చెయ్యి చురుకు. బాధ్యత ఇయ్యమన్యారు కదా, ఇచ్చినా. ఇప్పుడు చూడు, అందరూ దాన్నే పిలుస్తారు."

జయంతి వంగి కుళాయి కట్టేసింది. కూతురి చెయ్యి పట్టుకుని లేపింది. వేళ్ల సందులు ఒరిసిపోయి తెల్లగా నాని ఉన్నాయి.

దారంతా తేజ ఏడ్చింది. "ఇంకా మిగిలినాయి మా. కడగకుంటే రేపు నన్ను పిలవరు. స్కూల్లో ఎట్లాగూ ఎవరూ పిలవరు."

ప్రతాప్ రాగానే జయంతి అడిగింది. అతను చొక్కాకున్న తెల్లటి బండల పొడి దులుపుకుంటూ, "నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"అక్క చెప్పింది. దాంట్లో తప్పేముండాది? ఇంట్లో కడగదా? ట్యూషన్ మనకు ఊరికే చెప్తాంది, ఆ మాత్రం చేస్తే అరిగిపోతుందా?"

"మీ ఫ్యాక్టరీలో అందరి క్యారియర్లు నువ్వు కడుగు రోజూ. అప్పుడు నిన్ను కూడా అందరూ పిలుస్తారు."

ప్రతాప్ ముఖం తిప్పుకున్నాడు. జయంతి కూతురి చేతిని అతని ముక్కు దగ్గర పెట్టింది. రెండుసార్లు ఒళ్లు రుద్ది స్నానం చేయించినా ఆ పులుపు పోలేదు. అతను వెనక్కి జరిగాడు.

మర్నాటి నుంచి తేజను ట్యూషన్‌కు పంపలేదు. జ్వరమని ప్రతాపే అక్కకు అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం కూడా జయంతికి రోతగానే ఉంది.

సాయంత్రాలు తల్లీకూతుళ్లు కొత్త ఆట ఒకటి మొదలుపెట్టారు. జయంతి కుళ్లాయమ్మలా నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తేజా, ఈ బాక్సు కడుగు" అనేది. మొదట తేజ గభాల్న "కడుగుతా" అనేసి నాలిక కరుచుకుంది. తర్వాత నేల చూపులు చూస్తూ గొణిగింది. "నా ముఖం చూసి చెప్పు. అరవనక్కర్లేదు, ఏడవనక్కర్లేదు" అంది జయంతి.

"అట్ల చెప్తే నాతో ఎవరూ మాట్లాడరు కదా మా?"

ఈ ప్రశ్నకు జవాబు కోసమే జయంతి పక్కింటి సారాను పిలిచింది. బండలు కోసే జయరాజు కూతురు. ఒక్క పిల్ల చాలు ముందు, గుంపు వద్దు అనుకుంది. తేజకు గచ్చకాయలాట బాగా వచ్చు. తండ్రి తెచ్చిన నున్నటి బండ ముక్కలను గాల్లోకి ఎగరేసి, చూడకుండానే పట్టుకుంటుంది. శనివారం సాయంత్రం అరుగు మీద ఆ ఆట సారాకు నేర్పించింది. జయంతి లోపల జొన్నపిండి తడుపుతూ చెవులు అటే పెట్టింది.

"నువ్వు తొండి చేసినావు."

"నేను చెయ్యలేదు. ముక్క నీ మోచెయ్యి తగిలి పడింది. ఇప్పుడు నా వంతు."

జయంతి చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"సరేలే, నీదే వంతు. తర్వాత నాకు రెండు చేతులది నేర్పియ్యాల" అంది సారా.

ఆదివారం మధ్యాహ్నం కుళ్లాయమ్మ భోజనానికి వచ్చింది. రాగిసంగటి, కోడిపులుసు. అందరూ నల్లబండల నేల మీద వరసగా కూర్చున్నారు.

"జ్వరం తగ్గినట్టుండాదే. రేపట్నుంచి పంపించు" అంది ఎముక చీకుతూ. "పిల్లోళ్లు అడుగుతాండారు, తేజ యాడ అని."

"తేజను అడుగుతాండారా, బాక్సులు ఎవరు కడుగుతారని అడుగుతాండారా వదినా?"

"అదేం మాట? పిల్లోళ్లల్లో కలపమన్యారు, కలిపినా."

"మీరు కలిపింది పిల్లల్లో కాదు, వాళ్ల ఎంగిట్లో."

సుంకమ్మ ముద్ద నోటి దగ్గర ఆపింది. "ఎంగిలేంది?" ఆమెకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. జయంతి చెప్పింది. వింటూ వింటూ సుంకమ్మ ముద్దను తిరిగి కంచంలో పెట్టేసింది.

"ఇంత దానికి ఇంత కతనా?" కుళ్లాయమ్మ తినడం అయిపోయి వేళ్లు నాకింది. ఎముకలు, పిప్పి నిండిన కంచాన్ని అలవాటుగా పక్కకు తోసింది. "ఇంద తేజా, తీస్కపో."

తేజ చెయ్యి ముందుకు కదిలింది. సగంలో ఆగింది. తల్లివైపు చూసింది. జయంతి తన కంచంలోకి చూపు దించుకుంది. ఆ మాట తను చెబితే మళ్లీ తనదే అవుతుంది.

తేజ అత్త ముఖంలోకి చూసింది.

"నేను కడగనత్తా."

అరవలేదు, ఏడవలేదు. చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. వేళ్ల సందుల్లో పొక్కులు ఇంకా మానలేదు. ప్రతాప్ ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి.

"చూసినావా ప్రతాప్, నీ పెండ్లాము నేర్పించిన మాటలు" అంది కుళ్లాయమ్మ.

"నేర్పియ్యాల్సింది నేనక్కా." ప్రతాప్ అక్కవైపు తిరిగాడు. "తేజ ఇంక ట్యూషన్‌కు రాదు. సాయంత్రం మన అరుగు మీదనే జయంతి చదివిస్తాది. ఇంకో ఇద్దరు పిల్లోళ్లను పిలుస్తాము, ఆడుకుంటారు. ఇంకోటి. ఈ ఇంట్లో ఎవరి కంచం వాళ్లే కడగాల. నాతోనే మొదలు."

కంచం తీసుకుని లేచాడు. ఆ ఇంట్లో మగవాడు కంచంతో పెరట్లోకి నడవడం అదే మొదటిసారి. జయంతి అతనివైపు చూసింది. వారం రోజుల రోత ఒక్క మాటతో పోయేది కాదు. అయినా చెంబుతో నీళ్లు అందించింది.

"సబ్బు చూసి వాడప్పా" అంటూ సుంకమ్మ తన కంచం పట్టుకుని కొడుకు వెనకే వెళ్లింది. ఆ వెనక తేజ, తన కంచం ఒక్కటే పట్టుకుని.

కుళ్లాయమ్మ కంచం నేల మీద అట్లాగే ఉంది. ఎముకల మీద ఈగలు ముసురుతున్నాయి. జయంతి దాన్ని చూసింది, దాటి వెళ్లింది. పెరట్లో కంచాల చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్న కుళ్లాయమ్మ, ఆఖరికి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, దాన్ని తనే తీసుకుంది.