మంకీ క్యాప్ పెట్టుకున్న వాకీటాకీ

నేను చదువుకోవడానికొచ్చిన చలిదేశంలో, అత్లోన్ ఊరి చివర మూతపడ్డ ఉన్ని మిల్లు ఒకటి ఉంది. దాని వెనక ఉన్ని ఆరబెట్టే షెడ్డు. చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దని అక్కడివాళ్ళే అంటారు. ఎప్పుడో గడ్డకట్టే చలిలో పనిచేసే పిల్ల ఒకతె లోపలే ఉండిపోయిందట... తలుపు తీయమని ఇప్పటికీ గొణుగుతుందట.

నేను ఆ మిల్లుకి కాపలా. పగలు ఎమ్మెస్సీ, సాయంత్రం సెక్యూరిటీ. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి — పక్కన పదిమంది ఉన్నప్పుడు.

నాకు తోడు జెర్రీ. అరవై దాటిన మనిషి, గుండెకి ఒకసారి ఆపరేషన్ కూడా అయింది. ఇది జరగడానికి ముందు వారం చలికి నా వాకీటాకీ బ్యాటరీ చచ్చి ఊరుకుంటే ఆయనే చెప్పాడు.

"కోటు లోపలి జేబులో పెట్టుకో త్రినాథ్. ఒంటి వేడికి గ్రాండ్‌గా ఉంటుంది."

ఆయన చెప్పింది అంతే. నేను మన పద్ధతిలో చేశాను. ఇంటి నుంచి తెచ్చుకున్న మంకీ క్యాప్ దానికి తొడిగాను. పైన తువ్వాలు బిగించి కట్టి, రెండు స్వెట్టర్ల కింద గుండెకి హత్తుకున్నాను. బాలింత ఇంట్లో చంటిపిల్లకి కూడా అంత సేవ జరగదు.

ఆ డిసెంబరు సాయంత్రం ఐదింటికే కటిక చీకటి. షెడ్డు వైపు చూసొస్తానని జెర్రీ వెళ్ళాడు. నేను గేటు దగ్గరి క్యాబిన్లో నోరు మూసుకుని కూర్చున్నాను. ఆయన టీ చల్లారింది... మనిషి రాలేదు. ఆయన ఫోనూ బల్ల మీదే ఉంది. వాకీటాకీలో పిలుపు లేదు.

బయటికి తీసి పిలుద్దామా అనుకున్నాను. తీస్తే చలికి మళ్ళీ బ్యాటరీ పోతుందేమో! గొడుగు తడుస్తుందని చంకలో పెట్టుకుని వానలో నడిచేవాడి తెలివి నాది. అలాగే బయల్దేరాను.

ఆయన గుండెకేమైనా అయితే... పరుగులాంటి నడక అందుకున్నాను. చలికేలే అని సర్దిచెప్పుకున్నాను.

షెడ్డు దగ్గర పడింది. లోపల — ఎవరో ఆయాసపడుతున్నారు.

ఆగాను. ఊపిరి ఇంకా వేగంగా... దాని కింద దబ్ దబ్ మని చప్పుడు...

"ఎవరది?" అన్నాను.

"ఎవరది?" అంది లోపల్నుంచి.

తెలుగులో! అత్లోన్‌లో తెలుగు దెయ్యం!

ఆంజనేయా అంటూ దండకం ఎత్తుకున్నాను. అదీ ఎత్తుకుంది. దండకానికి పారిపోవాల్సిన దెయ్యమే దండకం చదువుతుంటే మనిషి ఎక్కడికి పోవాలి? నాకొచ్చింది రెండు లైన్లే. అవి అయిపోయాయి. ఒక్క అడుగు వేశాను — కీచుమని అరుపు!

"త్రినాథ్! తలుపు తియ్యి!"

జెర్రీ గొంతు. గాలికి తలుపు మూసుకుని బయటి గడియ పడిపోయింది. లాగాను. పెదాలు నీలంగా మారి, వణుకుతూ నిలబడ్డాడు. ఆ కీచు అరుపు ఆయన చేతిలోని వాకీటాకీది.

స్వెట్టర్లలో చెయ్యి పెట్టి చూశాను. మాట్లాడేటప్పుడు నొక్కే పక్క బటన్, తువ్వాలు బిగువుకి నొక్కుకుపోయి ఉంది. నా ఊపిరి, నా గుండె, నా కేకే ఆయన దాంట్లోంచి నాకు వినిపించాయి; మరీ దగ్గరపడేసరికి రెండూ కలిసి కీచుమన్నాయి. అది నొక్కి ఉన్నంతసేపూ ఆయన పిలుపు మాత్రం నాకు చేరదు. పాపం, గంట నుంచి పిలుస్తూనే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. మంకీ క్యాప్ ఊడదీసి ఆయన బట్టతలకి తొడిగాను.

"క్షమించు జెర్రీ."

"పోనీలే. కళ్ళు మూతలు పడుతుంటే నీ పాటే నన్ను నిద్రపోనివ్వలేదు. తలుపు పడ్డప్పటి నుంచీ చదువుతూనే ఉన్నావుగా... ఎంత పొడుగు మంత్రం అది! అయితే ఒక్క మాట. అంత సన్నటి ఆడగొంతు నీకెలా వస్తుంది?"

ఆయన చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా నడిచాను.

ఇప్పుడు వాకీటాకీ ఒట్టి జేబులోనే ఉంటోంది. దండకం మాత్రం చివరిదాకా బట్టీపట్టాను. ఆ షెడ్డులో ఆవిడకి మొత్తం వచ్చి, నాకు రాకపోతే మన పరువేం కాను?